మా తమ్ముడిచ్చిన బలం బిళ్ళ

నాలుగేళ్ళపాటు రోజూ పొద్దున టిఫిన్ తిన్నాక, టీ గ్లాసు చేత్తో పట్టుకొని, ఎర్రటి మల్టీవిటమిన్ బిళ్ళ ఒకటి మింగాను. పెళ్ళికి పోయినా, కొండకు పోయినా హ్యాండుబ్యాగులో షీటు ఉండాల్సిందే. దేవుడికి దణ్ణం పెట్టుకోవడం మరిచిన రోజులున్నాయి గాని, బిళ్ళ మరిచిన రోజు లేదు. అది ఇచ్చింది మా తమ్ముడు మరి.

గురజాలలో వాడికి మెడికల్ షాపు ఉంది. మా వైపు ఒంట్లో బాగా లేకపోతే ఎవరూ ముందు ఆస్పత్రికి పోరు. షాపు కౌంటరు ముందు నిలబడి జబ్బు చెప్పుకుంటారు. "రెండ్రోజుల్నుంచి జొరం, ఒళ్ళు నొప్పులు, మూడు పూటలకియ్యి" అంటారు. షాపతను ఒక్కో షీటులోంచి మూడేసి బిళ్ళలు కత్తెరతో కత్తిరించి, చిన్న కాగితం కవరులో వేసి, "తిన్నాక ఏస్కో" అని చేతిలో పెడతాడు. కత్తిరించిన ముక్క మీద సగం పేరే మిగులుతుంది. ఆ సగమైనా చదివేవాళ్ళు లేరు. మిరపకాయ కోతలకు పోయే ఆడవాళ్ళయితే జబ్బు కూడా చెప్పరు. "బలం బిళ్ళలియ్యన్నా" అంటారు, తీసుకుని ఆటో ఎక్కుతారు.

నేను వాళ్ళలాంటిదాన్ని కాదనుకున్నాను. నరసరావుపేట కాలేజీలో బి.ఎస్సీ. చదివాను. ప్రైవేటు హైస్కూల్లో పాతికేళ్ళుగా సైన్సు చెబుతున్నాను. ఎవరేం చెప్పినా ఊరికే ఒప్పుకునే రకం కాదు. బస్సు ఆపాల్సిన చోట ఆపకపోతే కండక్టరుతో, ముహూర్తం ఎందుకు మారిందో చెప్పకపోతే పంతులుగారితో, ఇంట్లో మా ఆయనతో దేని మీదైనా వాదన పెట్టుకుంటాను. మా తమ్ముడితో మాత్రం ఈ బిళ్ళ గురించి ఒక్కసారీ వాదించలేదు. వాడికి ఎంసెట్‌కి ఆర్గానిక్ కెమిస్ట్రీ కూర్చోబెట్టి చెప్పింది నేనే. నా దగ్గర నేర్చుకున్నవాడు నాకు తప్పు చెబుతాడా?

మొదలైంది ఇట్లా. నాకప్పుడు నలభై నాలుగు. బడిలో పై అంతస్తు మెట్లు ఎక్కేసరికి గుండె దడ. సాయంత్రానికి కాళ్ళు లాగేవి. ఒకరోజు బడి నుంచి వస్తూ షాపు దగ్గర ఆగాను. ముందు ఇద్దరున్నారు. వాళ్ళ కవర్లు వాళ్ళకిచ్చేసి వాడు నా వైపు చూశాడు.

"ఏందక్కా, మొహం అట్టా ఉంది?"

"నీరసంరా. చానా రోజుల్నుంచి."

"వయసక్కా. బడీ, ఇల్లూ, మళ్ళీ ట్యూషన్లు. లోపల విటమిన్లు అయిపోతై." వెనకున్న అరలోంచి ఒక పెట్టె తీశాడు. "రోజుకొకటేస్కో."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళేంది? అన్నం ఎన్నాళ్ళు తింటావు? ఇదీ అంతే."

ఆ జవాబు నాకు భలే నచ్చింది. మర్నాడు క్లాసులో పిల్లలకు కూడా అదే మాట చెప్పాను.

వాడికి నేను చెప్పనిది ఒకటుంది. అప్పటికే నెలసరి వస్తే నాలుగు రోజుల్లో ఆగేది కాదు. ఎనిమిది రోజులు, పది రోజులు. మధ్యలో క్లాసు వదిలి బాత్రూముకు పరిగెత్తేదాన్ని. మా ఇళ్ళల్లో ఈ మాట మగవాళ్ళ చెవిన పడకూడదు. చిన్నప్పుడు తమ్ముడు వరండాలో ఉంటే మా అమ్మ "దానికి తలనొప్పి, ఇవాళ నీళ్ళు నువ్వు తే" అని వాణ్ణి పంపేది. నెలకు మూడు రోజులు అక్కకు తలనొప్పి ఎందుకొస్తుందో వాడు అడగలేదు, నేను చెప్పలేదు. అట్లా పెరిగాం. వాడు మందులు చదువుకున్నాడు, నేను సైన్సు చెబుతున్నాను, ఇద్దరికీ నలభై దాటాయి. అయినా మా మధ్య ఆ కౌంటరు దాటి అవతలికి పోగలిగిన మాట నీరసం ఒక్కటే.

బిళ్ళ మీద నా నమ్మకం ఎంత ముదిరిందంటే, స్టాఫ్‌రూములో దానికి నేనే వకీలునయ్యాను. తెలుగు మేడం ఒకావిడ టిఫిన్ డబ్బా మూత తీస్తూ అనేది, "రోజూ మందెందుకు మేడం? వారానికి రెండుసార్లు మునగాకు పప్పు చేసుకోండి. ఓ గుప్పెడు వేరుశనక్కాయలు, ఒక బెల్లం ముక్క."

"మీ మునగాకులో ఏది ఎన్ని మిల్లీగ్రాములుందో చెప్పండి" అనేదాన్ని షీటు తిప్పి చూపిస్తూ. "ఇక్కడ రాసుంది చూడండి. ఇరవై మూడు రకాలు."

"రాసుంటే సరిపోతుందా మేడం, ఒంటికి పట్టొద్దా?"

"మీకు సైన్సు రాదు లెండి."

ఆవిడ నవ్వి అన్నం కలుపుకునేది. బిళ్ళ వేసుకున్న రోజు మూత్రం చిక్కటి పసుప్పచ్చ రంగులో వచ్చేది. బలం లోపల పని చేస్తోందనుకుని మురిసిపోయేదాన్ని. ఒంటికి అక్కర్లేని బి విటమిను బయటికి పోతుంటే ఆ రంగు వస్తుందని నేను పిల్లలకు చెప్పిన పాఠమే. నాకు మాత్రం తట్టలేదు. పైగా బడిలో ఆయమ్మ మోకాళ్ళు పీకుతున్నాయంటే, "మా తమ్ముడి షాపుకు పో, నేను చెప్పానని చెప్పు" అని దారి చూపించాను.

రెండేళ్ళకు నీరసం తగ్గలేదు సరిగదా, ఇంకోటి మొదలైంది. పచ్చి బియ్యం తినాలనిపించేది. వంటింట్లోకి పోయినప్పుడల్లా గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. ఒకరోజు మా ఆయన వెనకనుంచి వచ్చి, "నువ్వా? డబ్బాలో ఎలకలు పడ్డయ్యేమో అనుకుంటన్నా!" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. బోర్డు మీద బొమ్మ వేస్తూ వేస్తూ కళ్ళు చీకట్లు కమ్మితే, "మిగతాది మీరు పూర్తి చేయండి, చూస్తా" అని కుర్చీలో కూర్చునేదాన్ని. పిల్లలు అదేదో కొత్త పద్ధతి అనుకున్నారు.

మళ్ళీ తమ్ముడి దగ్గరికే పోయాను. "బిళ్ళ మార్చరా. ఇది పట్టట్లేదు."

"ఇదేస్కో. ఇది స్ట్రాంగు. పెద్ద పెద్దోళ్ళంతా ఇదే వాడతన్నారు." బంగారు రంగు పెట్టె అది. ఏమైంది, ఎందుకు తగ్గట్లేదు అని అడగలేదు. నా కళ్ళ కింద రెప్ప లాగి చూడలేదు. ఉన్న ఒక్క అక్కని కదా, షీటు కత్తిరించకుండా పెట్టె పెట్టెగా ఇచ్చాడు. అది ప్రేమనుకున్నాను. ఇప్పటికీ ప్రేమ కాదని అనలేను. అందుకే మింగుడు పడదు.

పోయిన మార్చిలో ఒక ఆదివారం వాళ్ళింట్లో పండుమిరపకాయ పచ్చడి పెడుతున్నాం. మరదలూ నేనూ వరండాలో చాప మీద కూర్చుని కాయలు తుడిచి తొడిమలు తీస్తున్నాం. షాపు మూసే రోజు కాబట్టి తమ్ముడు చింతపండు తేవడానికి బజారుకు పోయాడు. నేను గిన్నె తీసుకుందామని లేచాను. లేచినట్టే గుర్తు. కళ్ళు తెరిచేసరికి గోడకు ఆనుకొని ఉన్నాను, మరదలు కొంగుతో విసురుతోంది.

"వదినా! ఇటు చూడు. ఏంది నీ గోళ్ళు ఇట్టా ఉన్నై?" నా చెయ్యి తన చేతి పక్కన పెట్టి చూపించింది. నా గోళ్ళు సున్నం పూసినట్టున్నాయి. "ఎర్రటి కాయలు ఒలుస్తా కూడా తెల్లగా ఉన్నయ్యే! నీకు నెలనెలా ఎక్కువ పోతందా?"

ఎవరూ అడగని ప్రశ్న. పది రోజుల సంగతీ, గడ్డలు గడ్డలుగా పోవడం, అన్నీ చెప్పేశాను. చెబుతుంటే ఏడుపు కూడా వచ్చింది.

"అయ్యో, ఇన్నాళ్ళూ ఎట్టా ఓర్చుకున్నావు? నాకూ ఇంతే వదినా, మూడేళ్ళ కిందట. నీరసమని రెండ్రోజులు పడుకుంటే మీ తమ్ముడే నరసరావుపేట తీసుకపోయాడు, లేడీ డాక్టరు దగ్గరికి. రక్తం తొమ్మిది ఉందన్నారు. ఆర్నెల్లు ఐరన్ వాడినా. ఇప్పుడు బానే ఉన్నా."

"మరి విటమిన్ బిళ్ళలు?"

"ఏ బిళ్ళలు?"

"షాపులోవి. వాడు నాకిచ్చేవి."

మరదలు నవ్వింది, కల్మషం లేకుండానే. "మా ఇంట్లో ఎవురం ఏస్కోం వదినా. నేనోసారి అడిగితే తిట్టాడు. 'నీకెందుకే అవి? వాటితో నీరసమేం పోదు, పద టెస్టుకి' అన్నాడు."

నేను మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టాను. చేతులకు ఏదో పని కావాలి. మూడేళ్ళ కిందటంటే, నేను అప్పటికే రోజూ మింగుతున్నాను. ఇంట్లో భార్యకు "వాటితో నీరసమేం పోదు" అన్న నోరే, షాపులో నాకు "అన్నం ఎన్నాళ్ళు తింటావు" అంది. చింతపండు సంచీతో లోపలికొచ్చి, "ఏందక్కా, ఘాటెక్కిందా, కళ్ళెర్రబడ్డయ్యి?" అన్నాడు వాడు. అవునన్నాను. వాళ్ళింట్లో, మరదలి ముందు, ఇంకేమనను?

నరసరావుపేటలో మరదలికి చూపించిన డాక్టరమ్మ దగ్గరికే పోయాను, మా ఆయనతో. వేలు గుచ్చి, స్కానింగు తీసి, కాగితాలు ముందు పెట్టుకుని ఆవిడ నా వైపు తిరిగింది.

"రక్తం ఆరుంది. ఈ రక్తంతో రోజూ మెట్లెలా ఎక్కారమ్మా? గర్భసంచిలో గడ్డలున్నాయి. ఇన్నాళ్ళూ ఏం వాడారు?"

హ్యాండుబ్యాగులోంచి బంగారు రంగు పెట్టె తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"దేంతో వేసుకునేవారు?"

"టీతో."

"ఇందులో ఉన్న కాస్త ఇనుమునూ టీ ఒంటికి పట్టనీయదు. అసలు మీకు పోయే రక్తానికి ఇదో లెక్క కాదు. కింద పోతుంటే పైన చెంచాతో పోసుకున్నారు."

సైన్సు టీచర్ని, అడక్కుండా ఉండలేకపోయాను. "అయితే ఇది పనికిరానిదా డాక్టరుగారూ?"

"విషమేం కాదు. అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు తిని తిరిగే మనిషికి దీంతో పనిలేదు. నిజంగా ఏదో తక్కువైన మనిషికి ఇది చాలదు. కడుపుతో ఉన్నవాళ్ళకు కావల్సినవి వేరు, బి పన్నెండు తక్కువున్నవాళ్ళకు వేరు. ఏది తక్కువో చూసి అది ఇవ్వాలి. చూడకుండా రోజూ ఇది మింగితే ఏమవుతుందంటే, ఏదో వాడుతున్నాం కదా అని మీరు ఇక్కడికి రావడం మానేస్తారు." పెట్టె నా వైపు జరిపింది. "మూడేళ్ళ ముందు వచ్చుంటే మందులతో చూద్దామనేదాన్ని. ఇప్పుడు ముందు రక్తం పెంచుకోవాలి. తర్వాత గర్భసంచి తీసెయ్యాలి."

బస్సులో మా ఆయన కిటికీ వైపు సీటు నాకిచ్చి, రిపోర్టు కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గురజాలలో దిగగానే నేను షాపు వైపు తిరిగాను. "రేపు మాట్లాడొచ్చులే, ఇప్పుడు నీ ఒంట్లో ఓపిక లేదు" అన్నాడు.

"మీరు ఇంటికి పోండి. పోట్లాడేంత ఓపిక ఉంది నాకు."

తమ్ముడు కౌంటరు వెనక ఒక్కడే ఉన్నాడు. డాక్టరు చీటీ, రిపోర్టు గాజు పలక మీద పెట్టాను. చదివాడు.

"ఆరా? అక్కా, ఆరేంది?"

"అంకెలు నేర్పింది నేనే గదరా. సరిగ్గానే చదివావు."

"ఎప్పట్నుంచి ఇట్టా?"

"నువ్వు మొదటి షీటు ఇచ్చినప్పట్నుంచి. నీ పెళ్ళానికి నీరసమంటే నరసరావుపేట, అక్కకు నీరసమంటే షీటు. ఏందిరా తేడా?"

వాడి మొహంలో రంగు మారింది. "మెల్లగా అక్కా, రోడ్డు మీదికి వినపడుద్ది. నువ్వేం చెప్పావు నాకు? నీరసమన్నావు. రక్తం పోతందని ఒక్క మాటన్నావా?"

"నువ్వడిగావా?"

"తమ్ముణ్ణి, నేనెట్టా అడుగుతా?"

"కౌంటరెనక నిలబడ్డప్పుడు కూడా తమ్ముడివేనా? అయితే మందులెందుకిచ్చావు? టీ ఇచ్చి పంపకపోయావా?"

"దాని సంగతంటే తెలుస్తది. ఒకింట్లో ఉంటాం..."

"సరే, నా రక్తం సంగతి నీకు తెలవదు. ఆ బిళ్ళ సంగతి తెలుసు గదా? దాంతో ఏం పోదని తెలుసు గదా?"

ఇక్కడ వాడు అబద్ధం చెప్పలేదు. చెప్పుంటే బాగుండేదేమో. చీటీని వేళ్ళతో సాపు చేస్తూ అన్నాడు, "నష్టమైతే లేదు గదా అనుకున్నా అక్కా. ఇక్కడికొచ్చినోళ్ళు ఉత్త చేతుల్తో పోరు. ఏం లేదు పొమ్మంటే నా చదువు మీద డౌటొచ్చుద్ది వాళ్ళకి. నీకు ఏదో ఒకటి చేతిలో పెడితే నువ్వూ సంతోషంగా పోయేదానివి. నాకూ బాగుండేది."

నష్టమైతే లేదు గదా. నా గర్భసంచి పక్కన పెట్టుకుని వినాల్సిన మాట అది. ఊళ్ళోవాళ్ళకు ఇచ్చే తృప్తే నాకూ ఇచ్చాడు. వాళ్ళకన్నా నేను వేరే అనుకున్నది నేనే.

అంతలో ఆటో ఆగింది. కోతల నుంచి వస్తున్న ఆడమనిషి ఒకామె దిగింది. నెత్తిన గుడ్డ, కాయల మంటకు వేళ్ళు దూరదూరంగా పెట్టుకుని ఉంది. ముప్పై ఐదు దాటి ఉండవు. "అన్నా, బలం బిళ్ళలియ్యి. కూచుంటే లేవలేకపోతన్నా."

తమ్ముడు నా వైపు చూశాడు. వాడి చెయ్యి అర దాకా పోయి ఆగింది. అడుగుతాడేమోనని నేను ఆగాను. చివరికి నేనే అన్నాను, "అమ్మాయ్, నెలనెలా ఎట్టా ఉంది నీకు? ఎక్కువ పోతందా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏంది టీచరమ్మా, అన్న ముందు ఆ మాటలు!"

"సిగ్గుపడే మాట కాదు. గవర్నమెంటాస్పత్రిలో రక్తం చూపించుకో."

"కోతలైనాక పోతాలేమ్మా. ఇయ్యన్నా, ఆటో ఎల్లిపోద్ది."

"పది చాలా?" అన్నాడు మా తమ్ముడు. కత్తెర తీసుకున్నాడు. పది బిళ్ళలు కత్తిరించాడు, నా రిపోర్టు పక్కనే పెట్టి. "తిన్నాక ఏస్కో" అన్నాడు. ఆమె పోయింది.

నేను గాజు పలక మీదినుంచి చీటీ, రిపోర్టు తీసుకున్నాను. "అక్కా, ఆ మందులు నేనిస్తా, ఆగు" అంటున్నాడు. రోడ్డు దాటి ఎదురున్న మందుల షాపుకు పోయాను. ఆ షాపాయన కంగారుపడ్డాడు. "మీ తమ్ముడి షాపు తెరిచే ఉంది గదా టీచరమ్మా?"

"తెరిచే ఉంది. నాకు మందులు కావాలి."

ఆయన పెద్ద జోకనుకుని నవ్వాడు. ఆ సాయంత్రానికే సంగతి బజారంతా తెలిసింది.

తర్వాత బడిలో ఆయమ్మను పిలిచి, ఆ బిళ్ళలు మానెయ్యమని, ఆస్పత్రికి పోయి మోకాళ్ళు చూపించుకొమ్మని చెప్పాను. చీపురు పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "ఏస్కోమంది మీరే గదమ్మా. రెండేళ్ళు ఏస్కున్నా. ఇప్పుడు మీరే వద్దంటే ఇంకెవరి మాట వినేది?" నేను తమ్ముణ్ణి అడిగిన గొంతుతోనే అడిగింది.

ఇప్పుడు ఐరన్ బిళ్ళలు వాడుతున్నాను, టీకి దూరంగా. మెట్లు మధ్యలో ఒకసారి ఆగి ఎక్కగలుగుతున్నాను. బియ్యం డబ్బా జోలికి పోవడం లేదు. తెలుగు మేడం ఒకరోజు మునగాకు పప్పు నా డబ్బాలో వేసి, ఏమీ అనకుండా తన చోటికి పోయి కూర్చుంది. ఒక మాట అనుంటే నాకు తేలిగ్గా ఉండేది.

తమ్ముడు వస్తాడు. దానిమ్మకాయలు, ఖర్జూరాలు తెస్తాడు. మా ఆయనతో మిర్చి రేటు గురించి, వాన గురించి మాట్లాడతాడు. నేను నీళ్ళ గ్లాసు ఇస్తుంటే నా గోళ్ళ వైపు ఒక చూపు చూసి తల తిప్పుకుంటాడు. ఎట్టా ఉన్నావక్కా అంటాడు. బానే ఉన్నానంటాను. ఎంతకొచ్చింది, ఇంకా పోతందా అని అడగడు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మరదలు ఫోన్ చేసింది. "వదినా, రక్తం ఎంతకొచ్చింది? మీ తమ్ముడు కనుక్కోమంటన్నాడు."

"పక్కనే ఉన్నాడా?"

"ఆ, ఇక్కడే కూచున్నాడు."

"ఫోన్ వాడికియ్యి. వాణ్ణే అడగమను."

గుసగుసలు, కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత మరదలి గొంతు, కొంచెం నలిగినట్టు, "షాపుకు టైమైందంట వదినా. పోయాడు" అంది.

ఆదివారం షాపు తెరవడని నాకు తెలీదా? నా రక్తం తొమ్మిదిన్నర ఉంది ఇప్పుడు. ఆ అంకె మరదలికి చెప్పలేదు. ఆపరేషను వచ్చే నెల. అప్పటికైనా అడుగుతాడేమో చూడాలి.